దీపం వెలుగుతూనే ఉంది, అయినా దిగకండి

మీ చేతిలో లాంతరు ఉంది. దానికి కట్టిన తాడు అరచేతిని గీస్తోంది. మూడడుగుల అవతల బావి. గట్టు లేదు, గిరక లేదు. ఒకప్పుడు మోట లాగిన చోట రెండు రాతి స్తంభాలు మాత్రం మిగిలాయి.

"కాలు ఎనకకు పెట్టు సారూ. ఆ అంచురాయి కదుల్తది."

మేస్త్రి మాట వినగానే ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆయనకు డెబ్బై దాటాయి. గడ్డపార పట్టీ పట్టీ వేళ్ళు ఇప్పుడు పూర్తిగా మూసుకోవు. తండ్రి నాగార్జునసాగర్ కట్టేటప్పుడు రాళ్ళు మోశాడు. ఈయన పాలమూరు లేబర్ గుంపులతో పోయి ఏయే రాష్ట్రాల్లోనో కాలువలు తవ్వాడు. తిరిగొచ్చి ఊళ్ళ చుట్టూ బావులు తవ్వాడు. బడి మెట్లు మాత్రం ఎక్కలేదు. ఈ పూట మీకు పాఠం చెప్పేది ఆయనే.

మీరు ఉన్నది దేవరకొండ దాటి డిండి వైపు పోయే దారిలో, పాత నల్లగొండ జిల్లా అయిపోయి పాత మహబూబ్‌నగర్ జిల్లా మొదలయ్యే చోట. ఎర్ర చెలకలు. పత్తి. దూరంగా గుండురాళ్ళ గుట్టలు. ఇవాళ స్కూల్ కాంప్లెక్స్ సమావేశం. మామూలుగా అయితే ఈపాటికి ఏదో హైస్కూల్లో బెంచీ మీద కూర్చుని ఉంటారు. రిసోర్స్ పర్సన్ పీపీటీ చూపిస్తుంటారు. టీ వస్తుంది. సంతకం పెడతారు. బస్సు టైము చూసుకుంటారు. ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. ఆ గంటల్లో ఎన్ని మీ క్లాసు దాకా వచ్చాయో మీకు తెలుసు.

అందుకే ఈసారి నలుగురు సైన్స్ టీచర్లు కూడబలుక్కుని కాంప్లెక్స్ హెచ్ఎంను అడిగారు. ఒక్క పూట బావి దగ్గర గడుపుతాం. పిల్లల్ని తీసుకెళ్ళం. ఎవరమూ దిగం. చూస్తాం, రాసుకుంటాం. మధ్యాహ్నం బడికెళ్ళి పాఠం తయారుచేస్తాం. "ఎవరమూ దిగం" అన్న మాట కింద మీ నోటుబుక్కులో గీత కూడా గీసి ఉంది.

బావి ఒక రైతుది. బోరు ఎండిపోయింది. పాత బావి పూడిక తీయిద్దామని మేస్త్రిని పిలిపించాడు. రైతు కొడుకు ఇరవై దాటినవాడు, ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

"తాడుకు గజానికో ముడి ఏసిన. లెక్కపెట్టుకుంట దింపు," అంటాడు మేస్త్రి.

దింపుతారు. ఒకటో ముడి. రెండు. మంట నిటారుగా ఉంది. మూడు. నాలుగు. రాతి వరసల మధ్య మొలిచిన రావిమొక్క మీద లాంతరు వెలుతురు పడి జారిపోతుంది. ఐదు. మంట కురచబడింది. పసుపు పోయి ఎరుపు తిరిగింది. గాలి ఏమీ వీయడం లేదు. ఆరో ముడి మీ వేళ్ళను దాటుతుంది.

మంట లేదు.

పైకి లాగి, వెలిగించి మళ్ళీ దింపుతారు. మళ్ళీ ఆరో ముడి దగ్గరే ఆరిపోతుంది. ఏళ్ళ తరబడి బోర్డు మీద రాస్తూ వచ్చారు: కార్బన్ డయాక్సైడ్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు, మండటానికి తోడ్పడదు. ఆ వాక్యానికి ఒక ఎత్తు ఉంటుందని, దాన్ని తాడు మీద వేలితో పట్టుకోవచ్చని ఇవాళే తెలుస్తోంది.

అక్కడే ఎందుకు ఆరింది? మీ పక్కనున్న బయో సైన్స్ మేడం కిందికి చూపిస్తారు. అడుగున చీకట్లో నల్లగా కనబడే నీళ్ళు, వాటి మీద రాలిన ఆకులు. ఆకులు కుళ్ళుతుంటే సూక్ష్మజీవులు ఆక్సిజన్ వాడుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. పైన ఎండకు గాలి వేడెక్కి తేలికవుతుంది. బావిలో గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. ఆ బరువు గాలి పైకి రాదు, పై గాలి లోపలికి పోదు. మేస్త్రి అదే సంగతి ఇంకోలా చెబుతాడు: "ఎండకాలం బావిల గాలి మెసలది సారూ."

ఇప్పుడు ఆయన వేపకొమ్మలు నరికించి కట్ట కట్టిస్తాడు. దాన్ని తాడుతో దింపి పైకీ కిందికీ ఆడించమంటాడు. మీరూ, మ్యాథ్స్‌తో పాటు ఫిజికల్ సైన్స్ కూడా చెప్పే సారూ చెరో పక్క పడతారు. చెమటలు పడతాయి. మధ్యమధ్య రైతు బకెట్లతో నీళ్ళు తెచ్చి పైనుంచి చల్లుతాడు. నీటి తుంపర గాలిని తనతో కిందికి ఈడ్చుకుపోతుంది. కొంత కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కరుగుతుంది కూడా. ఊపుతుండగా కట్ట అడుగు దాకా పోయి బురదను తాకుతుంది. నీళ్ళ మీద బుడగలు లేస్తాయి. మేస్త్రి ఏదో గొణుగుతాడు. మీకు "బురద" అన్న మాట ఒక్కటే వినబడుతుంది.

లాంతరు మూడోసారి దింపుతారు. ఐదు. ఆరు. ఏడు. వెలుగుతోంది. ఎనిమిది. తొమ్మిది. పదో ముడి, నీటికి జానెడు పైన. మంట నిటారుగా వెలుగుతోంది.

అందరి ముఖాలూ విప్పారాయి. మ్యాథ్స్ సారు సమయం రాసుకుంటున్నారు. మీరు తాడును రాతి స్తంభానికి కట్టి వదిలేస్తారు. ఆ సంబరంలో ఎవరో మరో బకెట్ నీళ్ళు పోయబోయి బకెట్టే జారవిడుస్తారు. అది రాళ్ళకు తగిలి, సగం లోతులో ఒక మెట్టురాయి మీద ఆగుతుంది.

"నేను తెస్త," అంటాడు రైతు కొడుకు.

"వద్దుర. బురద కదిలింది," అంటాడు మేస్త్రి.

"దీపం ఎలుగుతుంది గద తాతా!"

ఆ మాటకు మీ దగ్గర జవాబు ఉందా? దీపం వెలుగుతోందంటే ఆక్సిజన్ ఉన్నట్టే. మీ క్లాసులో ఏ పిల్లాడైనా ఇదే రాస్తాడు. మీరు మార్కు వేస్తారు.

మేస్త్రి వాదించడు. తాడు ఉచ్చు చేసి వాడి మీదికి విసురుతాడు. "దిగేటట్టయితే నడుముకు గట్టు. లేకుంటే నన్ను దాటి పో." వాడు విసుక్కుంటూ కట్టుకుంటాడు. గోడలోంచి పొడుచుకొచ్చిన మెట్టురాళ్ళ మీద కాలు పెడతాడు. ఒకటి. రెండు.

లెక్క ఇప్పుడు మీ తలలో తిరుగుతుంది. బయటి గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కంటే తగ్గితే మనిషి పనిచేయడానికి తగిన చోటు కాదు. లాంతరు మంట మాత్రం ఇంచుమించు 16, 17 శాతం దాకా ఆరదు. అంటే ఆ రెండు అంకెల మధ్య మంట బతికే ఉంటుంది, మనిషి మాత్రం తప్పటడుగులు వేస్తాడు. అది కూడా ఒక్క ఆక్సిజన్ సంగతే. విషవాయువు ఉందా లేదా అన్న ప్రశ్నకు దీపం దగ్గర జవాబే లేదు.

"ఆగు," అంటారు మీరు. "పైకి రా."

"ఇగ రెండు మెట్లే సార్. మొదట్ల గుడ్డు మురిగిన కంపు కొట్టింది. ఇప్పుడేం లేదు."

మేడం మీ చెయ్యి పట్టుకుంటారు. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"కంపు పోలేదు. వాడి ముక్కు పనిచేయడం మానేసింది."

హైడ్రోజన్ సల్ఫైడ్. బురదలోంచి వచ్చింది. తక్కువ ఉంటే కంపు కొడుతుంది. పది లక్షల పాళ్ళ గాలిలో వంద పాళ్ళు దాటితే వాసన తెలియదు. ఇంకొన్ని వందలు దాటితే ప్రాణం పోతుంది.

"పైకి రారా!"

వాడు తలెత్తుతాడు. చెయ్యి నుదుటి మీదికి పోతుంది.

"తల..."

మోకాలు వంగింది.

రైతు అంచు మీదికి ఉరుకుతాడు. మీ కాళ్ళూ కదులుతాయి. మెట్టు దగ్గరే ఉంది. దిగొచ్చు. పట్టుకోవచ్చు.

"ఎవ్వడు దిగొద్దు!" మేస్త్రి గొంతు. "గుంజుండ్రి!"

తాడు. తాడు ఉంది.

పడతారు. మేడం పడతారు. సారు పడతారు. రైతు పడతాడు. గుంజుతారు. జరగదు. గుంజుతారు. రాయికి ఏదో రాచుకుంటుంది. ఒక మూర వచ్చింది. ఇంకోటి. అరచేతులు మండుతున్నాయి. వదలొద్దు. తల కనబడింది. భుజం. చొక్కా దొరికింది.

బయటికి.

చెట్టు కింద పక్కకు తిప్పి పడుకోబెడతారు. ఛాతీ కదులుతోంది. దగ్గుతాడు. కక్కుకుంటాడు. కళ్ళు తెరుస్తాడు. మోచేతి తోలు లేచిపోయింది. మేడం అప్పటికే 108కి ఫోన్ చేసి దారి చెబుతున్నారు.

మీరు బావిలోకి చూస్తారు. కింద, పదో ముడి దగ్గర, దీపం వెలుగుతూనే ఉంది.

కాసేపటి దాకా ఎవరూ మాట్లాడరు. అంబులెన్సు వచ్చి తండ్రీకొడుకులను ఎక్కించుకుని పోయాక మేస్త్రి బీడీ ముట్టించుకోబోతాడు. బావి వైపు చూసి, బీడీ చెవి వెనక పెట్టుకుంటాడు. కుళ్ళిన బురదలోంచి మీథేన్ కూడా వస్తుంది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే అది అంటుకుంటుంది. అదే ఉండి ఉంటే మీరు దింపిన లాంతరే నిప్పుపుల్ల అయ్యేది. ఇంగ్లండులో బొగ్గుగని కార్మికుల కోసం హంఫ్రీ డేవీ 1815లో మంట చుట్టూ ఇనుప జాలీ చుట్టింది ఈ భయంతోనే.

"తాతా, బురద కదిలితే దిగొద్దని నీకు ముందే తెలుసా?"

"తెల్వకేంది? బురద కదిలినంక దీపం మాట చెల్లది. తెల్లారి దాక ఇడిసిపెట్టాలె. తెల్లారి మల్ల దీపం. మనిషి దిగినంత సేపు దీపం పక్కనుండాలె. తాడు నడుముకుండాలె. పైన ఇద్దరుండాలె."

"మరి పొద్దున మాకు ఇవన్నీ చెప్పలేదేం?"

"మీరు దీపం సంగతే అడిగిరి సారూ. బురద సంగతి అడగలే."

ఈ వాక్యాన్ని నోటుబుక్కులో రాసుకోండి. ఇవాళ్టి శిక్షణ అంతా ఇందులోనే ఉంది. ఆయన తెలివిలోంచి మీరు మీ పాఠ్యపుస్తకంలో పట్టే ముక్కను మాత్రం కోసి తెచ్చుకున్నారు. దీపం ఎనిమిదో, తొమ్మిదో తరగతి పాఠానికి సరిగ్గా సరిపోతుంది. బురద, తాడు, పైన ఇద్దరు, తెల్లారి దాకా ఆగడం ఏ పాఠంలోనూ లేవు. ప్రాణం కాపాడేవి అవే.

పైన ఇద్దరుండాలనడం ఎంత లోతైన మాటో చెప్పే అంకె ఒకటి ఉంది. బావులు, ట్యాంకులు, మ్యాన్‌హోళ్ళ లాంటి ఇరుకు చోట్ల చనిపోయినవారిలో 60 శాతానికి పైగా లోపలివాళ్ళను కాపాడబోయినవాళ్ళేనని అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1986లో హెచ్చరించింది. మీ కాళ్ళు మెట్టు వైపు కదిలిన క్షణం గుర్తుందా? ఆ 60 శాతంలో చేరడానికి ఒక్క అడుగే మిగిలింది.

మధ్యాహ్నం. బడి. ల్యాబ్ అని పేరున్న గది. బల్ల చుట్టూ నాలుగు కుర్చీలు, మేస్త్రికి ఐదోది. ఆయన కూర్చోనంటాడు. మేడం కుర్చీ జరిపి, "మీరు నిలబడితే మేమూ నిలబడతాం" అంటే అప్పుడు కూర్చుంటాడు.

బల్ల మీద ఆ బావి నీళ్ళు బకెట్లో ఉన్నాయి, ఎర్రగా. మేస్త్రి రుమాలు మూట విప్పి రెండు చిల్లగింజలు తీస్తాడు. ఒకదాన్ని తడి రాయి మీద గంధంలా అరగదీస్తాడు. ఆ ముద్దను ఒక చెంబు నీళ్ళలో కలిపి, మూతపెట్టి, "ఇగ ముట్టకుండ్రి" అంటాడు. మీరు పక్కన రెండో చెంబులో పటిక తిప్పుతారు. మూడో చెంబును అలాగే వదిలేస్తారు. పోల్చి చూడాలంటే ఏమీ కలపనిది ఒకటి ఉండాలి.

ఈలోపు మేడం మిగిలిన గింజను వేళ్ళ మధ్య తిప్పుతున్నారు. "ఇది అడవిలో పిల్లలతో ఏరించకూడదు," అంటారు. చిల్లచెట్టుకు దగ్గరి చుట్టం ముష్టి. దాని గింజలో స్ట్రిక్నిన్ అనే విషం ఉంటుంది. ముష్టి గింజ బిళ్ళలా చదునుగా, బూడిదరంగు నూగుతో ఉంటుంది. చిల్లగింజ చిన్నది, గుండ్రం. ఆ తేడా తెలిసినవాళ్ళు ఆ గదిలో ఇద్దరే: మేడం, మేస్త్రి.

కొంతసేపటికి మూత తీస్తారు. చిల్లగింజ వేసిన చెంబులో మన్ను అడుక్కు దిగింది. నాణెం వేస్తే కనబడుతుంది. పటిక చెంబూ అంతే. మూడోది ఎర్రగానే ఉంది. నీళ్ళలో మట్టిరేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి. గింజలోని పొడవాటి అణువులు వాటికి వంతెనలా అతుక్కుని ముద్ద కడతాయి. బరువెక్కిన ముద్ద కిందికి దిగుతుంది. సుశ్రుత సంహిత ఈ గింజను కతకం అని చెప్పి, నీటిని తేర్చేవాటిలో చేర్చింది.

"ఇగ తాగొచ్చు," అంటాడు మేస్త్రి.

తాగుతారా?

మీరు ఉన్నది నల్లగొండ. మీ చెయ్యి చెంబు వైపు పోదు, ఫ్లోరైడ్ కిట్ వైపు పోతుంది. తేరిన నీళ్ళు పరీక్షనాళికలో పోసి, కిట్‌లోని ద్రావణం చుక్కలు వేస్తారు. గులాబీ రంగు. కదుపుతారు. గులాబీ పాలిపోతోంది. పసుపు తిరుగుతోంది. రంగు ఎంత పసుపైతే ఫ్లోరైడ్ అంత ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. మీ నాళికను రంగుల కార్డు పక్కన పెడితే ఆ గీత దాటింది. మేస్త్రి వంగి చూస్తాడు. ఆయన పళ్ళ మీద గోధుమరంగు చారలు మీకు ఇప్పుడు కనబడతాయి.

ఈ గ్రానైటు నేల నీళ్ళతో పాటు ఫ్లోరైడ్‌నూ ఇస్తుంది. బావి లోతై, బోరు ఇంకా లోతైన కొద్దీ రాతిలో నీరు నిలిచే కాలం పెరుగుతుంది. రాతిలోని ఖనిజాలు అంత ఎక్కువగా కరుగుతాయి. ఎముకలు వంగిపోయిన మనుషులు మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్ళలో ఎందరో మీకు తెలుసు. అందుకే మిషన్ భగీరథ నల్లాలో కృష్ణానీరు రావడం ఈ ప్రాంతంలో రాజకీయం కన్నా పెద్ద విషయం. 1970వ దశకంలో నాగపూర్‌లోని నీరి సంస్థ ఫ్లోరైడ్ తీసే చవక పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి, మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా తిప్పి, గంటసేపు తేరనిచ్చి వంచుకోవడమే. మట్టి దించడానికి సరిపోయే పటిక ఫ్లోరైడ్‌కు చాలదు. చాలా ఎక్కువ పడుతుంది. ఎంత అన్నది నీటిలోని ఫ్లోరైడ్‌నూ క్షారగుణాన్నీ బట్టి తేలుతుంది. చెంచా లెక్కన కాదు, పరీక్ష చేసి వేయాలి.

మూడు చెంబుల వైపు మళ్ళీ చూడండి. చిల్లగింజ తప్పు చెప్పిందా? లేదు. మన్ను పోయిందా అని అడిగితే పోయిందని నిజమే చెప్పింది. దీపమూ అంతే. మండేంత ఆక్సిజన్ ఉందా అంటే ఉందని చెప్పింది. ఒక ప్రశ్నకు అవి ఇచ్చిన జవాబును మీరు వేరే ప్రశ్నకు వాడుకోబోయారు. ఊరి పద్ధతి ప్రతిదీ ఏదో ఒక ప్రశ్నకు జవాబు. ఆ ప్రశ్న ఏమిటో తేల్చడం సైన్స్ టీచరు పని.

మ్యాథ్స్ సారు ఇందాకటి నుంచి ఆగి ఉన్నారు. "ఇదంతా బాగానే ఉంది. రేపు ఎవరో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొచ్చి, అది లేచి నిలబడితే నీళ్ళున్నట్టే అంటారు. అదీ ఊరి జ్ఞానమే కదా. బడిలోకి తెద్దామా?"

వెంటనే కాదనకండి. అవుననకండి. దాన్నీ ప్రశ్నగా మార్చండి. ఎనిమిది మూతపెట్టిన డబ్బాలు. నాలుగింట్లో నీళ్ళు. ఎందులో నీళ్ళున్నాయో తెలిసినవారు, అంటే డబ్బాలు సర్దినవారు, గదిలో ఉండకూడదు. నీళ్ళు చూసేవారు వచ్చి చెప్పాలి, పలుమార్లు, ప్రతిసారీ డబ్బాలు మార్చి. జర్మనీలో మ్యూనిక్ దగ్గర 1987, 88లో ఇలాంటి పరీక్షే పెద్ద ఎత్తున జరిగింది. కొట్టంలో కింద నీటిగొట్టం జరుపుతూ, అది ఎక్కడుందో చెప్పమని పైన పుల్లలు పట్టుకుని నీళ్ళు చూసేవాళ్ళను అడిగారు. ఆ లెక్కలను తర్వాత తిరగేసి చూసినవారికి అందులో గుడ్డిగా ఊహించడాన్ని మించిందేమీ కనబడలేదు. మేస్త్రి నవ్వుతాడు. "కొబ్బరికాయ చెప్పిన తావుల తవ్వి నీళ్ళు పడక కూలి ఎగ్గొట్టించుకున్న సారూ."

పరీక్ష పెట్టడం అంటే అవమానించడం కాదు. నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా ఒకే చోట నిలిచే నీడను చూసి తరతరాలు చేతులు జోడించాయి. భౌతికశాస్త్ర అధ్యాపకుడు శేషగాని మనోహర్ ఆ కట్టడాన్ని పరిశీలించి, అది ఒక స్తంభం నీడ కాదు, లెక్క ప్రకారం నిలబెట్టిన స్తంభాల నీడలన్నీ కలిసినదని చెప్పారు. ఆ మాటతో కుందూరు చోడుల కాలపు శిల్పి చిన్నబోలేదు, ఇంజినీరయ్యాడు. ఇంట్లో తినే చింతపండూ పరీక్షకు నిలిచింది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడిపిల్లలకు చింతపండు ఇచ్చి చూసి, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని 2002లో ప్రచురించారు. అయితే చింతపండు తింటున్నాం కదా అని బోరు నీళ్ళు తాగొచ్చని కాదు. అది వేరే ప్రశ్న.

ఇక పాఠం. బావి దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళరు. అది ఖాయం. మరి బావిని బల్ల మీదికి ఎలా తెస్తారు? వెడల్పాటి గాజు సీసా. అందులో మూడు ఎత్తుల్లో మూడు చిన్న కొవ్వొత్తులు. అడుగున వంటసోడా, మీద నిమ్మరసం. "ఏది ముందు ఆరుతుంది?" పిల్లలు ముందు రాయాలి, తర్వాత చూడాలి. కింది కొవ్వొత్తి ముందు ఆరుతుంది. అక్కడితో ఆపితే మీరు పొద్దుటి మీరే. ఇప్పుడు అవే మూడు కొవ్వొత్తులను సోడా లేకుండా వెలిగించి పైన గాజుపాత్ర బోర్లించండి. ఈసారి పైది ముందు ఆరుతుంది. వేడి గాలి కార్బన్ డయాక్సైడ్‌ను పైకి మోసుకుపోతుంది. గది గొడవ పడుతుంది. పడనివ్వండి. బరువైన వాయువు ఎప్పుడూ కిందే ఉంటుందని వల్లెవేసిన పిల్లాడు ఆ పూట ఆలోచించడం మొదలుపెడతాడు.

ఈ పాఠం మొదట మీ బడిలో మీరు చెబుతారు. మిగతా ముగ్గురూ వెనక నిలబడతారు. వాళ్ళు మిమ్మల్ని చూడరు, పిల్లల్ని చూస్తారు. ఎవరు రాయకుండా ఆగిపోయారు, ఎవరు ఎందుకు తల ఊపారు అని. తర్వాత కూర్చుని మార్చి, రెండో బడిలో మేడం చెబుతారు. జపాన్ టీచర్లు నూరేళ్ళకు పైగా ఇలాగే నేర్చుకుంటున్నారు, లెసన్ స్టడీ పేరుతో. బడి బయటి జీవితంతో చదువును ముడిపెట్టాలని మన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మొదటి సూత్రంగానే చెప్పింది. స్థానిక జ్ఞానానికి విలువివ్వాలని దక్షిణాఫ్రికా తన పాఠ్యప్రణాళికలో రాసుకుంది. రాసుకోవడం దాకా అందరూ వచ్చారు. బావి దాకా వెళ్ళి, తిరిగొచ్చి, నలుగురూ కూర్చుని మార్చుకోవడమే తక్కువ.

మీ తర్వాతి కాంప్లెక్స్ సమావేశం ఎప్పుడు? హెచ్ఎంకు ఇవాళే చెప్పండి, పీపీటీకి బదులు ఒక కుర్చీ ఎక్కువ వేయమని. బావి మేస్త్రినో, కుమ్మరినో, గొర్లకాపరినో, విత్తనాలు దాచే అవ్వనో పిలవండి. ఆ రోజు కూలి పోతుంది కాబట్టి కూలి ఇవ్వండి. కాగితం మీద మూడు గడులు గీయండి: ఏం చేస్తారు, అది ఏ ప్రశ్నకు జవాబు, ఎక్కడ చెల్లదు. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ పాఠం క్లాసుకు తీసుకెళ్ళకండి. ముందు అడగండి, "ఇంకా ఏం చూసుకుంటారు?" అని. రెండుసార్లు అడగండి.

మీ ఊళ్ళో పాత బావి ఉంటే, వెలిగే దీపాన్ని నమ్మి దిగకండి, ఎవరినీ దిగనివ్వకండి. ఆక్సిజన్‌నూ విషవాయువులనూ కొలిచే మీటరు లేకుండా, నడుముకు తాడు, పైన మనుషులు లేకుండా ఏ బావీ దిగే బావి కాదు. లోపల ఎవరైనా పడిపోతే వెనకాల దూకకండి. తాడు ఉంటే గుంజండి. లేకపోతే 101కి ఫోన్ చేయండి.